తెలిసిన బొమ్మకు తెలియని మలుపు

అందరును ఎరిగిన వస్తువును అందరును ఎరిగిన రీతిగానే చూపుట శిల్పికి సులభము, చూపరులకు సుఖము. కోదండము కనబడినంతనే రాముడనియు, పిల్లనగ్రోవి కనబడినంతనే కృష్ణుడనియు, గద కనబడినంతనే ఆంజనేయుడనియు గుర్తుపట్టి మనము ముందుకు సాగిపోవుదుము. ఇట్లు గుర్తుపట్టుటయే చూచుట యని మనకు భ్రాంతి. గోడమీది పట్టాభిషేకపు పటమును ఇరువదియేండ్లుగా ప్రతిదినమును చూచుచున్న గృహస్థు నడిగి చూడుడు: అందులో భరతుడు ఏ ప్రక్కన నిలిచియున్నాడో ఆయన చెప్పలేడు. ఈ అలవాటును చెదరగొట్టుటకై మన కాలపు చిత్రకారులును, బొమ్మలు చేయువారును, చలనచిత్రములు తీయువారును ఒక ఉపాయమును విరివిగా వాడుచున్నారు. తెలిసిన విషయమును తీసికొని దానికి ఎవ్వరును ఎదురుచూడని చిలిపి మలుపు నొకదానిని ఇచ్చుటయే ఆ యుపాయము. యమధర్మరాజు తాలూకా కచేరీ గుమాస్తావలె కాగితములు తిరుగవేయును. నారదుడు సెల్ ఫోను చెవిని పెట్టుకొని లోకములు తిరుగును. వినాయకుడు క్రికెట్టు బ్యాటు పట్టి నిలుచును.

ఇట్టి బొమ్మలను గూర్చి మన యిండ్లలో రెండు మాటలు వినబడుచున్నవి. పెద్దలు "ఇది అపచారము" అందురు. పిన్నలు "ఇది వేళాకోళము, దీనికింత విచారణ యేల?" అందురు. ఈ రెండు మాటలును బొమ్మను చూడకుండ తప్పించుకొను త్రోవలే. అపచారమనువారు చూడకమునుపే కోపగింతురు. వేళాకోళమనువారు చూచిన మరుక్షణమే మరతురు. అందలి నవ్వు ఎక్కడనుండి పుట్టినది, ఎవరిమీదికి పోవుచున్నది యను ప్రశ్న ఇరువురికిని పట్టలేదు. పట్టవలసిన ప్రశ్న అదియే యని మా యభిప్రాయము. ఏలయన దేవుడన నెట్టివాడు, ఆడుదన నెట్టిది, బీదవాడన నెట్టివాడు అను విషయములలో మన పిల్లల మనస్సున పడు తొలిముద్రలు పాఠపుస్తకములవలనకంటె ఇట్టి బొమ్మలవలననే హెచ్చుగా పడుచున్నవి. బెత్తము చూపి నేర్పినదానికన్న నవ్వించి నేర్పినది లోతుగా నాటును.

ముందుగా ఒక అపోహను తొలగింపవలెను. ఈ చిలిపితనము నేటి చదువులవలన పుట్టినదనియు, పూర్వులు భక్తి తప్ప వేరెరుగరనియు పలువురు తలచుచున్నారు. తోలుబొమ్మలాట నెరిగినవారు అట్లనరు. అనంతపురపు సీమలోని నిమ్మలకుంటయందును, మన నెల్లూరు జిల్లాలోని డి.సి.పల్లియందును మేకతోలును పలుచగా చేసి, చిల్లులు పొడిచి, రంగులు వేసి ఈ బొమ్మలను చేయు విద్య నిలిచియున్నది. నిమ్మలకుంట శిల్పి దళవాయి చలపతిరావుగారికి 2020 లో పద్మశ్రీ పురస్కారము లభించినది. ఈ యాటలో తెరమీద రామరావణయుద్ధము సాగుచుండగా నడుమ కేతిగాడును, బంగారక్కయు, జుట్టుపోలిగాడును వచ్చిపడుదురు. వీరిని వాల్మీకి యెరుగడు, వ్యాసుడెరుగడు. వీరు ఆ యూరివారు. అచ్చట లంక కాలుచుండగా వీరు ధాన్యపు ధరను, అప్పులవాని రాకను, అత్తాకోడండ్ర పోరును తెరమీదికి తెచ్చెదరు. తెరముందు కూర్చున్న కూలివానికి లంక యెంత దూరమో ఊరి మోతుబరి యంత దగ్గర. ఈ రెంటిని ఒకే దీపపు వెలుగులో నిలుపుటవలన పెద్ద రావణుని చూచుచున్నవానికి తన వీథిలోని చిన్న రావణుడును తోచును. అయితే ఆ హాస్యములో మోటుతనము పాలు హెచ్చు. బంగారక్కకు తిట్లును దెబ్బలును తప్పవు. పాతది కాబట్టి మంచిదనియు మేము చెప్పము. పాతదానికిని క్రొత్తదానికిని తూనికరాయి ఒక్కటే.

సంఘసంస్కారమునకు ఈ మలుపు ఎంత పదునైన పనిముట్టో గురజాడ అప్పారావుగారు చూపిరి. 1892 లో మొదట ప్రదర్శింపబడి, 1897 లో అచ్చుపడి, 1909 లో సమగ్రముగా తిరుగవ్రాయబడిన "కన్యాశుల్కము"నందు కరటకశాస్త్రి తన శిష్యుడైన మహేశమునకు ఆడువేషము వేసి, ముసలి లుబ్ధావధానికి సొమ్ము పుచ్చుకొని కట్టబెట్టును. పెండ్లి యను వస్తువు అందరును ఎరిగినది. పెండ్లికూతురు మగపిల్లవాడగుట చిలిపి మలుపు. ప్రేక్షకులు పొట్ట చెక్కలగునట్లు నవ్వుదురు. నవ్విన పిదప మెల్లగా ఒక సంగతి తోచును. బేరమాడి కొనువానికి పిల్ల మొగమెట్టిదో, మనసెట్టిదో అక్కరలేదు. అక్కరలేదు కాబట్టియే మగపిల్లవానిని తెచ్చి కూర్చుండబెట్టినను అతడు కనిపెట్టలేకపోయెను. ఈ యొక్క దృశ్యము చేసిన పని నూరు ఉపన్యాసములవలన కాదు. గురజాడవారి జీవితమును పరిశోధించి గ్రంథము వ్రాసిన కె.వి. రమణారెడ్డిగారు మా కావలి జవహర్ భారతి కళాశాలలో అధ్యాపకులుగా నుండినవారు. కావున ఈ యూరి చదువరులకు ఆ నాటకముతో చుట్టరికము కలదని మేము గర్వముగా చెప్పుకొందుము.

ఆడువేషపు మలుపే మరియొక రూపమున 1957 లో కె.వి. రెడ్డిగారి "మాయాబజార్" చలనచిత్రములో వచ్చినది. వ్యాసభారతమున లేని శశిరేఖను తెలుగు నాటకములు పెంచి పెద్దచేసినవి. పింగళి నాగేంద్రరావుగారి రచన ఆ కథను మరియొక అడుగు ముందుకు నడపినది. భారతకథ యనుకొని పోయినవారికి ఆ చిత్రములో పాండవులు తెరమీద కనబడనే కనబడరు. భయంకరుడనుకొన్న ఘటోత్కచుడు చెల్లెలివంటి పిల్ల పెండ్లి చక్కబెట్టు అన్నగారగును. ఇంతవరకు కథలోని చమత్కారము. అసలు విశేషము మాయాశశిరేఖ. ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చి పెండ్లివారింట తిరుగుచుండును. ఆ పాత్రను ధరించిన సావిత్రిగారు పదిమంది ముందర తల వంచుకొని సిగ్గుపడుదురు. ఒంటరిగా నున్నప్పుడు రొమ్ము విరిచి, కాళ్లు చాచి, మీసము దువ్వు రాక్షసుని పోకడ పోవుదురు. చీర అదే, మొగమదే, నగలవే. ఆ రెండు నడకల నడుమనున్న భేదమే మన నవ్వునకు కారణము. సిగ్గు ఆడుదానికి పుట్టుకతో వచ్చిన గుణమని నమ్మియుండిన తండ్రులు తమ కూతుండ్రతో కూడ ఆ చిత్రమును చూచిరి. సిగ్గు నేర్చుకొని ప్రదర్శింపదగిన విద్య యనియు, గట్టిగా పూనుకొన్నచో రాక్షసుడును దానిని అభ్యసింపగలడనియు ఆ నటన వారికి చూపెను. చిత్రము తీసినవారు ఈ యుపన్యాసమును ఉద్దేశించిరని మేమనము. ఉద్దేశింపకపోయినను నిజము బయటపడినది. మంచి మలుపునకు అట్టి శక్తి కలదు.

ఇంతవరకు చెప్పిన మూటిని బట్టి ఒక కొలతను ఏర్పరచుకొనవచ్చును. మలుపు వస్తువు లోపలినుండి రావలెను. కేతిగాడు వచ్చుటవలన రావణుని గూర్చి మనకు మరికొంత తెలిసినది. మహేశమువలన కన్యాశుల్కమును గూర్చి తెలిసినది. మాయాశశిరేఖవలన శశిరేఖను గూర్చి తెలిసినది. చమత్కారమును తీసివేసినచో ఆ వస్తువును గూర్చి మన తెలివి తగ్గవలెను. తగ్గనిచో అది మలుపు కాదు, అతుకు.

ఈ కొలతకు నిలిచిన చిత్రకారులలో బాపుగారి పేరు మొదట చెప్పవలెను. సత్తిరాజు లక్ష్మీనారాయణ యను అసలు పేరుగల ఆయన 1933 లో నరసాపురమున జన్మించి 2014 లో చెన్నపట్టణమున మరణించిరి. ఆయనకు పూర్వము మన గోడలమీది దేవతలు చాలవరకు రవివర్మ పటముల దేవతలు. రవివర్మ నూనెరంగుల నిగారింపుతో దేవతలకు మానవదేహమిచ్చి మహోపకారము చేసెను; ఆ పటములు వేలకొలది అచ్చుపడి ఇంటింట చేరినపిమ్మట దేవతలందరును ఒకే కుటుంబమువారివలె కనబడుటయు తటస్థించెను. బాపుగారు ఆ నిగారింపును తుడిచివేసి దేవతలను గీతలోనికి తెచ్చిరి. ఒక వంపు గీతతో వీపు, రెండు గీతలతో కన్నులు, మిగిలినది తెల్లకాగితము. ఆ దేవతలు ఆయన వ్యంగ్యచిత్రములలో కాపురము చేయుదురు, విసుగుకొందురు, వాదులాడుదురు.

ఇది అపచారమగునా? కైలాసపు కాపురమును మన పురాణములు వర్ణించిన తీరును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. అయ్యవారి వాహనము ఎద్దు. అమ్మవారి వాహనము సింహము. తండ్రి మెడలో పాము. పెద్దకుమారుని వాహనము ఎలుక, చిన్నకుమారునిది నెమిలి. ఒకదాని నొకటి తినదగిన జంతువులన్నియు ఒకే వాకిట కట్టివేయబడినవి. ఇంతకన్న హాస్యము బాపుగారు చేర్పవలసిన పనియేమి? పురాణమున ముడుచుకొనియున్న హాస్యమును ఆయన విప్పి చూపిరి. ఎరిగినవాడు చేసిన పరిహాసమునకును ఎరుగనివాడు చేసిన పరిహాసమునకును భేదమిదియే. రాముని గంభీరముగా వేయగల చేయియే రాముని పరివారముతో పరాచికమాడుటకు అర్హమైనది. బాపుగారు రెండును చేసిరి.

ముళ్లపూడి వెంకటరమణగారితో కలిసి ఆయన చలనచిత్రములలోను ఈ పద్ధతినే సాగించిరి. 1975 నాటి "ముత్యాల ముగ్గు" ఉత్తరరామాయణమునకు మన కాలపు చీర కట్టినది: నిరపరాధి యగు ఇల్లాలు, కుట్రవలన కలిగిన అనుమానము, బహిష్కారము, దూరముగా పెరుగు బిడ్డలు. అందు చిన్నపిల్లవానికి ఆంజనేయుడు చెలికానివలె కనబడుట ముచ్చటైన మలుపు. 1978 నాటి "మన ఊరి పాండవులు" కన్నడచిత్రమునుండి తెచ్చుకొన్నదే యైనను, భూస్వామి దౌర్జన్యము నెదిరించు యువకులలో పాండవులను చూపి, భారతమును పల్లె రచ్చబండమీద కూర్చుండబెట్టినది. అయినను "ముత్యాల ముగ్గు" విషయమున మాకొక కొరత తోచుచున్నది. రామునివంటి భర్త పట్టుదుకాణముల కాలమున పుట్టినను సీతనే అనుమానించునని చూపుట గొప్ప ధైర్యము. కాని కథ కుటుంబము కలియుటతో తృప్తిపడి నిలిచిపోయెను. "నన్ననుమానించు హక్కు మీకెవరిచ్చిరి?" అని గట్టిగా అడుగు ఇల్లాలు అందులో లేదు. మలుపు తిరిగిన బండి మరల పాతబాటనే చేరినది.

ఆ ప్రశ్న అడుగుటకు ఒక రచయిత్రి రావలసివచ్చెను. ఓల్గాగారి "విముక్త" కథలకు 2015 లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారము లభించినది. ఆ కథలలో సీత వరుసగా శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలిసికొనును. శూర్పణఖ యన ముక్కు చెవులు కోయబడిన వికారరూపమే మనకు జ్ఞప్తికి వచ్చును. ఆమెకు ఆ తరువాత ఏమైనదని అడిగినవారు లేరు. ఓల్గాగారి శూర్పణఖ అందమైన తోటను పెంచుచుండును. రూపము పోగొట్టుకొన్న స్త్రీ పూలయందును ఆకులయందును సౌందర్యమును పెంచుట యను మలుపులో నవ్వు లేదు; కాని ఎదురుచూడనితనము నిండుగా కలదు. మలుపు చిలిపిదైనను గంభీరమైనదైనను దాని ధర్మ మొక్కటే యని చూపుటకై దీనినిచ్చట పేర్కొంటిమి. తెలిసిన పాత్రను గూర్చి మనము అడుగక విడిచిన ప్రశ్నను అది అడుగవలెను.

ఇక అతుకుల సంగతి. తెలుగు వ్యంగ్యచిత్రములకు తలిశెట్టి రామారావుగారు ఆద్యులని చెప్పుదురు. ఆయన నాటినుండి నేటివరకు ఈ కళలో పేరుపొందినవారు పలువురు గలరు. మన వారపత్రికలు వారివలన నవ్వినవి. కాని ఆ పుటలలో తరతరములుగా తిరుగుచున్న ఒక బొమ్మ కలదు: అప్పడాల కర్ర పట్టిన లావుపాటి భార్య, మంచము క్రింద దాగిన బక్కపలుచని భర్త. ఇది తెలిసిన సంసారమునకు తలక్రిందుల మలుపు అని దానిని వేయువారి భావము కాబోలు. కొట్టువాడు దాగుకొనుట, దెబ్బలు తినునది కర్ర పట్టుట. ఈ తలక్రిందులవలన సంసారమును గూర్చి మనకు తెలిసినదేమి? గృహహింసనుండి స్త్రీలను కాపాడుటకు 2005 లో ప్రత్యేకముగా చట్టము చేయవలసివచ్చిన దేశమిది. ఆ చట్టమెందుకు కావలసివచ్చెనో ఈ బొమ్మ మరపించుచున్నది. నిజమును తిరుగవేసి చూపుట ఒకటి. నిజమును కప్పివేయుట వేరొకటి. మొదటిదానిలో నవ్వు బలవంతుని మీదికి పోవును. రెండవదానిలో బలహీనురాలి మీదికి పోవును. మహేశము వేషమును చూచి నవ్విన ప్రేక్షకుడు లుబ్ధావధానిని చూచి నవ్వెను. అప్పడాల కర్రను చూచి నవ్వు పాఠకుడు ఎవరిని చూచి నవ్వుచున్నాడో తన యింటి యాడవారి మొగములవంక ఒకసారి చూచినచో తెలియును.

మలుపునకు మరియొక శత్రువు కలదు. అది అలవాటు. తోట వైకుంఠముగారి చిత్రములను చూచినవారికి ఈ మాట బోధపడును. 1942 లో కరీంనగరు ప్రాంతపు బూరుగుపల్లెలో పుట్టి, బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ గారి యొద్ద చదువుకొన్న ఈ చిత్రకారుడు తన పల్లె స్త్రీలను చిత్రించెను. చిన్ననాట ఊరికి వచ్చు నాటకపుజట్లలో ఆడువేషము కట్టు మగవారి అందము తన్నాకర్షించినదని ఆయన చెప్పుదురు. మహేశమును మాయాశశిరేఖయు ఇచ్చట మరల జ్ఞప్తికి వచ్చుచున్నారు. పాత పటములలో శ్రామికస్త్రీ బావియొద్ద కుండతో ఒక మూల నిలుచునది. వైకుంఠముగారు ఆమెను చిత్రము నిండ నిలిపి, నుదుట సూర్యబింబమంత బొట్టు పెట్టి, అమ్మవారికి చేయు అలంకారమును ఆమెకు చేసిరి. ఆమె మనలను చూచి నవ్వదు, వేడుకొనదు. గుడిలో నుండవలసిన నిండుదనమును పొలము గట్టుమీద చూపుట నిజముగా చక్కని మలుపు.

కాని నేడా బొట్టు, ఆ ముక్కుపుడక, ఆ చిలుక హోటళ్ల గోడలమీదను, చీరల కొంగులమీదను, చేతిసంచులమీదను అనుకరణములుగా వెలసినవి. కోదండము చూడగానే రాముడని సాగిపోయినట్లు, పెద్ద బొట్టు చూడగానే "తెలంగాణపు చిత్రము" అని సాగిపోవుచున్నాము. మన నిద్రను చెదరగొట్టుటకు వచ్చిన బొమ్మ మరల మనలను నిద్రపుచ్చుచున్నది. అనుకరించువారిదే ఈ దోషమని చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. ఒకే మలుపును నలువది యేండ్లు త్రిప్పినచో అది మూలచిత్రకారుని చేతిలోనైనను వలయమగును.

ఇప్పుడు మన వీథులలోనికి వత్తము. భాద్రపదమాసమున కావలిలో ట్రంకు రోడ్డు మొదలు సందుగొందుల వరకు వినాయకుని పందిళ్లు లేచును. తొమ్మిదిదినముల పిదప విగ్రహములు తుమ్మలపెంట తీరమునకు ఊరేగిపోవును. సామాన్యజనులు నిజముగా చూచు శిల్పప్రదర్శనము మన యూరికి సంవత్సరమునకు ఇదియొక్కటే. దీనిని కళాపండితులు విడిచిపెట్టుట పొరబాటు. 2015 లో "బాహుబలి" చిత్రము వచ్చిన పిదప శివలింగమును భుజమున నెత్తిన వీరుని భంగిమలోను, 2022 లో "పుష్ప", "ఆర్.ఆర్.ఆర్." చిత్రముల నాయకుల వేషములలోను ఆంధ్రదేశమునందును బయటను పలుచోట్ల వినాయకులు వెలసిరి. పిల్లలు కేరింతలు కొట్టిరి, పెద్దలు గొణిగిరి.

మా కొలతను దీనికి పెట్టి చూతము. వినాయకుని రూపమే ఒక మహావిచిత్రమైన మలుపు. మనుష్యదేహముమీద ఏనుగు తల. అంతటి బరువునకు ఎలుక వాహనము. విద్యల దేవుడయ్యును తిండిపోతు. అన్నిటికన్న మొదట పూజ యందుకొనువాడయ్యును చంద్రునిచేత నవ్వబడినవాడు. బరువును తేలికదనమును, జ్ఞానమును ఆకలిని ఇట్లొకచోట కూర్చిన శిల్పికి ఇంకను ఎన్నియో త్రోవలు తెరచియున్నవి. వాటినన్నిటిని విడిచి ఆయన చేతికి సినిమా తుపాకి నిచ్చుటవలన వినాయకుని గూర్చి క్రొత్తగా తెలిసినదేమియు లేదు. సినిమా నాయకుని గూర్చియు తెలిసినది లేదు. ఒకరి ప్రఖ్యాతిని మరియొకరికి అతికించితిమి. ఇందు అపచారమున్నదో లేదో ఆ దేవుడే చూచుకొనును; ఆలోచన లేదని మాత్రము మేము చెప్పగలము.

ఈ నింద శిల్పిమీద మోపుట తగదు. ఎక్కడనో రాజస్థానమునుండి వచ్చి రహదారి ప్రక్క గుడారము వేసికొని, ఎండకు వానకు ఓర్చి విగ్రహములు పోసి బ్రదుకు కుటుంబములు మన ప్రాంతమున పెక్కు గలవు. కమిటీవారు సెల్ ఫోనులో ఒక బొమ్మ చూపి "ఇట్లే కావలెను" అనినచో వారు చేసి ఇత్తురు. వారి చేతిలో నేర్పు కలదు. ఆలోచించుటకు వారికి వ్యవధినిచ్చినవారు లేరు. మలుపు వెలితి సొమ్మిచ్చువారి మనస్సున నున్నది.

సందర్భమునుండి పుట్టిన మలుపు ఎట్లుండునో ఖైరతాబాదు విగ్రహము ఒకసారి చూపినది. 1954 లో ప్రారంభమైన ఆ యుత్సవములో విగ్రహము 2019 లో 61 అడుగుల యెత్తైనది. కరోనా వ్యాధి ప్రబలిన 2020 లో దానిని 9 అడుగులకు దింపి, వైద్యదేవుడగు ధన్వంతరి రూపమున నిలిపిరి. ఎత్తే ప్రతిష్ఠ యనుకొన్నవారికి ఆ కుదింపే ఎదురుచూడని మలుపు. విఘ్నములు తొలగించువాడు వైద్యుడై, జనము గుమిగూడకుండుటకై తానే చిన్నవాడయ్యెనను భావము అందు స్ఫురించుచున్నది. మన సముద్రతీరమున ఇట్టి భావములకు కరవున్నదా? వల భుజాన వేసికొన్న వినాయకుడు తెప్పమీద ఎలుకను తెడ్డు వేయించుట మన పిల్లలకు నవ్వు పుట్టింపదా? రొయ్యలగుంటల ఉప్పునీటి నడుమ మంచినీటి బిందెతో వరుసలో నిలుచున్న వినాయకుని చూచి మన పెద్దలు ఒక నిమిషము నిలువబడరా? ఆ బిందె ఆయన బొజ్జకన్న చిన్నదిగా నుండుటలోనే కథ యంతయు కలదు.

ఇచ్చట అపచారవాదులకు ఒక మాట. 1927 లో ఆంగ్లప్రభుత్వము శిక్షాస్మృతిలో చేర్చిన 295-ఎ సెక్షను 2024 జులై 1 నుండి భారతీయ న్యాయసంహితలో 299 వ సెక్షనుగా నిలిచియున్నది. మతభావములను బుద్ధిపూర్వకముగా, దురుద్దేశముతో అవమానించుటనే అది నేరముగా చెప్పుచున్నది. నవ్వించుటను నేరమని చెప్పలేదు. ఎం.ఎఫ్. హుస్సేనుగారు హైదరాబాదున బదరీ విశాల్ పిత్తీగారి ఆదరమున రామాయణ చిత్రములను పెక్కింటిని వేసిరి. వాటిని పల్లెలకు కొనిపోయి చూపినప్పుడు పల్లెప్రజలు కలహింపలేదని ఆయన చెప్పుకొనెడివారు. ఆ చిత్రకారుడే తదుపరి చిత్రములపై చెలరేగిన కేసులవలనను బెదిరింపులవలనను 2006 లో దేశము విడిచి, 2011 లో లండనులో కన్నుమూసిరి. ఆయన చిత్రములన్నియు మెచ్చుకొనవలెనని మేమనము. నచ్చని బొమ్మకు విమర్శ సమాధానము. విమర్శ చేయుటకు బొమ్మ మన యెదుట నుండవలెను, చిత్రకారుడు మన దేశమున నుండవలెను. కేతిగానిని రామాయణపు నడుమకు రానిచ్చిన తాతల మనుమలము మనము. వారికన్న ఇరుకు మనస్సు మనకు తగదు.

వేళాకోళవాదులకును ఒక మాట. మీరు పంపుకొను బొమ్మలలో నల్లని పిల్లను, లావుపాటి యాలిని, పల్లెటూరి యాసను, పనిమనిషిని చూచి నవ్వునవి ఎన్నియో లెక్కించుడు. తెలిసిన వస్తువునకు మలుపు అనుకొన్నది పాత ద్వేషమునకు క్రొత్త చొక్కా యని తెలిసికొందురు.

ఈ చూపు ఇంటిలో అలవడవలెను. అందుకు మన యాడవారి చేతిలో చక్కని సాధనములున్నవి. సంక్రాంతికో దసరాకో మెట్లమీద తీర్చు బొమ్మలకొలువులో రాముని ప్రక్కన ఏటికొప్పాక లక్కబొమ్మయు, దశావతారముల ప్రక్కన కొండపల్లి గీతకార్మికుడును నిలుచుట మనకు వింత కాదు. ఏ బొమ్మ ప్రక్కన ఏది నిలుపవలెనో ఒక మెట్టువరకు పిల్లలకే విడిచిపెట్టుడు. ఎందుకట్లు నిలిపిరో చెప్పుమనుడు. తెల్లవారుజామున వాకిట ముగ్గు వేయు ఇల్లాలు ఆ చుక్కలనే తీసికొని నిన్న తామరను, నేడు చేపను చేయును. చుక్కల లెక్క తప్పదు, బొమ్మ మాత్రము మారును. నియమమెరిగి మలుపు త్రిప్పుట యన నేమో ఏ కళాశాలయు ఇంతకన్న తేటగా బోధింపలేదు.

వచ్చు చవితికి కమిటీ కుర్రవారు చందా పుస్తకముతో మన గుమ్మమెక్కుదురు. చందా ఇచ్చుటకు ముందు, ఈ యేడు వినాయకుడు ఏ రూపమున నుండునని వారి నడుగుడు. ఏ సినిమా పేరో చెప్పినచో కసరక, లోపల కూర్చుండబెట్టి మంచినీరిచ్చి, మన యూరిలో ఈ యేడు జరిగిన సంగతులేమో వారితో మాటలాడుడు. వారు తెలివిగలవారు. ఇంతవరకు వారిని ఆ ప్రశ్న అడిగినవారు లేరు.